జీతపు పద్దు నుంచి సిబిల్ దాకా: జనగామ, మానుకోట, భూపాలపల్లి వాడల్లో అప్పు చరిత్ర

అప్పుకు రెండు చరిత్రలుంటయి. ఒకటి అప్పిచ్చినోడిది. అది దొర పద్దు పుస్తకంలో, పట్వారీ దస్తరంలో, కోర్టు డిక్రీలో, ఇప్పుడు కంప్యూటర్లో భద్రంగా ఉంది. రెండోది అప్పు తెచ్చుకున్నోడిది. అది వాడలో ముసలోళ్ల నోట్లో ఉంటది, వాళ్లతోటే పోతది. బ్యాంకులో చదువుకు అప్పు తీసుకుని కట్టలేకపోయిన దళిత పిల్లల గురించి ఇయ్యాల ఎవరు మాట్లాడినా మొదటి చరిత్ర నుంచే మాట్లాడుతున్నరు. 'ఎగవేతదారు' అన్న మాట అక్కడ పుట్టిందే. రెండో చరిత్రను కొంతైనా కాగితం మీద పెట్టాలని ఈ వ్యాసం.

నా వాదన ఇది. జీతగాని కాలం నుంచి సిబిల్ కాలం దాకా మన బతుకుల్ని తేల్చింది అప్పు మొత్తం ఒక్కటే కాదు. ఆ పద్దు ఎవరి చేతిలో ఉంది, అందులో ఏది రాస్తరు, ఏది రాయకుండా వదిలేస్తరు అన్నది అంతకన్నా ఎక్కువ తేల్చింది. కట్టలేదని పద్దులో రాస్తరు. ఎందుకు కట్టలేకపోయిండో రాయరు. ఆ 'ఎందుకు' అనే చోటనే కులం ఉంది.

భగేలా కాలం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 అక్టోబర్ 11న వేర్వేరు జిల్లాలైనయి. అంతకుముందు మూడూ వరంగల్లు జిల్లాలోనివే. ఇంకా వెనక్కి పోతే, నిజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలో ఉండేది. సరిహద్దులు ఎన్నిసార్లు మారినా ఊరి అమరిక మారలేదు. నడుమ గడీ, దాని చుట్టూ ఆసాములు, ఊరి చివర మాలవాడ, మాదిగవాడ.

అప్పు కింద చేసే జీతాన్ని నిజాం రాజ్యంలో భగేలా అన్నరు. పెండ్లికో, సావుకో, కరువులో గింజలకో దొర దగ్గర కొంత తెస్తే, దానికి మనిషి తన ఒంటినే తాకట్టు పెట్టేటోడు. భగేలాలుగా ఉన్నది ఎక్కువగా మాల మాదిగలే. చేసిన పని మిత్తి కిందికి పోయేది, అసలు అట్లనే ఉండేది. నడుమ జ్వరమొచ్చి పడుకున్న రోజులు, ఎద్దు కాలిరిగిన నష్టం, పండుగకు ఇచ్చిన గుడ్డ అన్నీ అప్పుకే కలిసేవి. తండ్రి సచ్చిపోతే కొడుకు జీతానికి పోయేటోడు. మా తాతా జీతమున్నోడే. ఎంత అప్పుకు ఉన్నవు తాతా అని అడిగితే ఆయనకు లెక్క తెల్వదు. తెలిసే వీలు లేదు. పద్దు దొరది, వేలిముద్ర ఆయనది.

1936లో నిజాం సర్కారు భగేలా ఒప్పందాలను అదుపులో పెట్టడానికి ఒక చట్టం తెచ్చింది. పరిపాలన ఉర్దూలో నడిచే రాజ్యంలో, తెలుగు అక్షరమే రాని జీతగానికి ఆ చట్టం చేరే దారి ఏది? అతనికీ చట్టానికీ నడుమ పట్వారీ ఉన్నడు, పట్వారీ గడీ మనిషి. అప్పు తీసుకున్నోనికి పద్దు చదవడం రానప్పుడు చట్టమున్నా లేకున్నా ఒక్కటే. ఈ సంగతి మనకు మళ్లీ పనికొస్తది.

విసునూరు దేశ్‌ముఖ్ మీద తిరగబడ్డ ఊళ్లు ఇప్పటి జనగామ జిల్లాలోనివే. 1946 జులై 4న దొడ్డి కొమరయ్య ప్రాణం పోయిన కడవెండి, చాకలి ఐలమ్మ తన పంటను నిలబెట్టుకున్న పాలకుర్తి ఇక్కడివే. ఆ పోరాటాన్ని మనకు భూమి పోరాటంగా నేర్పిండ్రు. అది నిజమే. కాని సంఘం బలపడ్డ ఊళ్లల్లో జనం చేసిన మొదటి పనుల్లో అప్పు పత్రాలు తగలబెట్టుడు ఒకటి. భూమి కన్నా ముందు పద్దు మీదికి చేయి ఎందుకు పోయింది? తమను కట్టేసింది ఆ కాగితమేనని చదువురాని మనుషులు కూడా ఎరుగుదురు కాబట్టి.

కాగితం కాలినంక ఏమైంది? 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. రక్షణ దొరికింది రికార్డులో కౌలుదారుగా పేరున్నోనికి. జీతగాని పేరు ఏ రికార్డులో ఉంది? దొర అప్పుల చిట్టాలో తప్ప ఇంకెక్కడా లేదు. అందుకే పోరాటంలో ముందు నిలబడ్డ వాడలకు భూమి పంపకంలో చివరి వరుస దక్కింది.

1975 అక్టోబర్‌లో కేంద్రం వెట్టి చాకిరీని రద్దు చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. అది 1976లో చట్టమైంది. వెట్టికి కారణమైన అప్పు మొత్తంగా రద్దైనట్లేనని, దాన్ని వసూలు చేయడానికి ఏ కోర్టులోనూ దావా నడవదని ఆ చట్టం చెప్పింది. 1977లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వ్యవసాయ రుణ విముక్తి చట్టం చేసి చిన్న రైతులకు, వ్యవసాయ కూలీలకు, గ్రామీణ చేతివృత్తులోళ్లకు ప్రైవేటు అప్పుల నుంచి విడుదల చూపింది. అప్పు పోయింది. మరి మాట? 'మాదిగోడు బాకీ ఎగ్గొట్టిండు' అన్న మాట ఊళ్లో మిగిలింది. రెండోసారి అప్పు పుట్టకపోవడమే ఆ మాటకు అర్థం. ఇయ్యాల దానికి 'స్కోరు' అని పేరు పెట్టిండ్రు.

బరోడా పద్దు

చదువు కోసం చేసిన బాకీ కట్టలేక తాకీదులు అందుకున్న తొలి దళిత విద్యార్థుల్లో ఒకరి పేరు భీమ్‌రావ్ రాంజీ అంబేద్కర్. ఈ సంగతిని మన పిల్లలకు చెప్పకుండా ఆయన డిగ్రీల జాబితా ఒక్కటే చెప్తున్నం.

1913 జూన్‌లో అంబేద్కర్ బరోడా సంస్థానంతో ఒప్పందం మీద సంతకం చేసిండు. సంస్థానం డబ్బుతో అమెరికాలో చదువుకోవాలె, తిరిగొచ్చి 10 ఏండ్లు సంస్థానంలో కొలువు చేయాలె. కొలంబియాలో చదివి, లండన్‌లో చదువు సగంలో ఆపి, గడువైపోయిందని 1917లో బరోడాకు వచ్చిండు. ఒప్పందం తప్పాలని కాదు, నిలబెట్టుకోవాలని వచ్చిండు. బరోడాలో ఏమైందో ఆయనే రాసిపెట్టిండు. ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్సీల సత్రంలో పేరు మార్చుకుని 11 రోజులున్నడు. కులం బయటపడ్డంక కర్రలు పట్టుకుని వచ్చినోళ్లు ఖాళీ చేయమన్నరు. ఆఫీసులో జవాన్లు ఫైళ్లు చేతికియ్యకుండా బల్ల మీద విసిరిండ్రు. చివరికి బొంబాయి బండెక్కిండు.

తర్వాత సంస్థానం నుంచి తాకీదులు మొదలైనయి. ఒప్పందం తప్పినవు కాబట్టి చదువుకు పెట్టిన డబ్బు కట్టమన్నరు. ఏండ్ల తరబడి ఆ ఉత్తరప్రత్యుత్తరాలు నడిచినయి. అందులో సంస్థానం లెక్క తప్పని ఎవరంటరు? ఇంత ఇచ్చినం, ఇన్నేండ్లు కొలువు చేయలేదు, ఇంత బాకీ. అన్నీ సరిగ్గనే ఉన్నయి. అద్దెకు గది ఇయ్యని ఊరు మాత్రం ఆ లెక్కలో లేదు.

అంబేద్కర్ ఆగిపోలేదు. సిడెన్‌హాం కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టిండు. మిత్రుడు నావల్ భథేనా దగ్గర 5,000 రూపాయలు అప్పు చేసిండు. కొల్హాపూర్ సాహూ మహరాజ్ 1,500 ఇచ్చిండు. 1920లో మళ్లీ లండన్ పోయిండు. ఒక పద్దులో బాకీదారుగా ఉన్న మనిషిని ఇంకొకరు నమ్మి అప్పిచ్చిండ్రు కాబట్టి ఆ చదువు పూర్తయింది. ఇయ్యాల్టి పద్ధతిలోనైతే ఆ రెండో అప్పు పుట్టేది కాదు.

స్కాలర్‌షిప్పు హక్కు, విద్యారుణం బాకీ

తనకు జరిగింది ఇంకొకరికి జరగొద్దని కావచ్చు, వైస్రాయ్ కౌన్సిల్లో ఉన్నప్పుడు అంబేద్కర్ దళితుల ఉన్నత చదువుకు ప్రభుత్వమే డబ్బు పెట్టాలని పట్టుబట్టిండు. 1944లో మొదలైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు ఆ పట్టుదల ఫలం. అది తిరిగి కట్టేది కాదు. హైదరాబాద్ రాజ్యంలో కూడా 1947-48లో బి.ఎస్. వెంకటరావు మంత్రిగా ఉన్న కాలంలో దళితుల చదువుకు కోటి రూపాయల నిధి ఏర్పాటైంది. వందల ఏండ్లు చదువు కాకుండా చేసినందుకు సమాజమే మాకు బాకీ అన్నది ఆ తరం ఆలోచన.

తర్వాత ఆలోచన తిరగబడ్డది. 1963లో జాతీయ రుణ స్కాలర్‌షిప్పు వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు వరంగల్లు చుట్టూ లేచినయి. 2001లో భారతీయ బ్యాంకుల సంఘం నమూనా విద్యారుణ పథకం తయారు చేసింది. 4 లక్షల దాకా తాకట్టు లేకుండా అప్పు, తల్లి గాని తండ్రి గాని ఉమ్మడి రుణగ్రహీత. 2008 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. మన వాడల నుంచి మొదటిసారి కాలేజీ గడప తొక్కిన తరం దాని మీదనే చదివింది. దాని మేలు దాచిపెట్టడం అన్యాయం.

కాని సర్కారు సమయానికి కట్టకపోతే ఏమైతది? కాలేజీ వాడు పిల్లగాని సర్టిఫికెట్లు ఆపుకుంటడు. మెమోలు, టీసీ కోసం ఇంట్లోళ్లు మూడు రూపాయల మిత్తికి తెచ్చి కట్టి విడిపించుకుంటరు. 2025 నవంబర్‌లో తెలంగాణలో ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బకాయిల కోసం కాలేజీలు బంద్ పెట్టినయి. బాకీ పడ్డది ప్రభుత్వం. ఏ సంస్థ రికార్డులో ప్రభుత్వం పేరు 'ఎగవేతదారు' అని పడింది?

బ్యాంకు అప్పు తీసుకున్న పిల్ల లెక్క చూద్దాం. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేండ్లకు 4 లక్షలు, 10 శాతం మిత్తి. చదువు ఉన్నంతకాలం, ఆ తర్వాత ఒక ఏడాది కిస్తు ఉండదు, కాని మామూలు మిత్తి నడుస్తది. కిస్తులు మొదలయ్యేనాటికి మిత్తే 1,40,000 అయితది. 5,40,000కు పదేండ్ల కిస్తు నెలకు 7,100 పైన. హైదరాబాద్ పోయి 15,000 జీతానికి కుదిరి, హాస్టలు కట్టి, ఇంటికి పంపి, ఈ కిస్తు కట్టగలదా? భూపాలపల్లి పిల్లగాడైతే సింగరేణిలో కాంట్రాక్టు పని దొరికితే అదృష్టమనుకుంటడు. మూడు నెలలు కిస్తు పడకపోతే ఖాతా మొండి బాకీల్లోకి పోతది.

2009 నుంచి కేంద్ర మిత్తి రాయితీ పథకం ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపుంటే, షరతులకు సరిపోయే సాంకేతిక, వృత్తి కోర్సులకు, పై లెక్కలోని ఆ 1,40,000 వంటి మిత్తిని ప్రభుత్వమే కడతది. బ్యాంకు క్లెయిమ్ పెట్టాలె, ఆదాయ సర్టిఫికెట్ మనమియ్యాలె. 2024 నవంబర్‌లో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి ఎంపిక చేసిన సుమారు 860 పెద్ద సంస్థలకు వర్తించేది. జిల్లా ప్రైవేటు కాలేజీలో చదివే మన పిల్లల్లో చాలామందికి ఆ తలుపు తెరుచుకోదు.

సిబిల్: కొత్త చిట్టా

సిబిల్ సంస్థ 2000లో పుట్టింది. 2005లో పరపతి సమాచార కంపెనీల చట్టం వచ్చింది. ఇప్పుడు ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు కంపెనీలున్నయి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు మన అప్పుల వివరాలు వీటికి పంపుతయి. అవి 300 నుంచి 900 దాకా మార్కులేస్తయి. ఊళ్లో ఒక్క దొర దగ్గరుండే చిట్టా ఇప్పుడు దేశంలో ప్రతి అప్పిచ్చేటోనికీ కనబడుతది.

ఇందులో కులం గడి లేదు, అందరికీ ఒక్కటే లెక్క అని వాదించేటోళ్లున్నరు. కులం గడి అవసరం లేకుండానే కులం అందులోకి వస్తది. ఎట్ల? పిల్ల అప్పుకు తల్లి ఉమ్మడి రుణగ్రహీత. ఆ తల్లి 2010కి ముందు మైక్రోఫైనాన్స్ గుంపులో ఉంది. వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యల తర్వాత 2010 అక్టోబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చినంక వసూళ్లు ఆగినయి. వేధించినోని పేరు ఏ స్కోరులోనూ చెడలేదు, లక్షలాది ఆడోళ్ల పేర్లు బాకీదారుల్లో చేరినయి. ఇక తాకట్టు సంగతి. వాడకు దక్కిన భూమి చాలావరకు అసైన్డు పట్టా. 1977 చట్టం ప్రకారం అది అమ్మరాదు, కొనరాదు. బ్యాంకు తనఖాకు మినహాయింపున్నా, తేలిగ్గా అమ్ముడుపోని భూమికి బ్యాంకు దగ్గర తూకం తక్కువ.

పేరు చెడితే పోయేది అప్పు ఒక్కటే కాదు. ఇటీవలి బ్యాంకు ఉద్యోగాల నోటిఫికేషన్లలో మంచి పరపతి చరిత్ర ఉండాలన్న షరతు చేరింది. స్టేట్ బ్యాంకులో ఎంపికైన ఒక అభ్యర్థి నియామకాన్ని సిబిల్ రిపోర్టు బాగాలేదని రద్దు చేస్తే, 2025 జూన్‌లో మద్రాసు హైకోర్టు ఆ రద్దును సమర్థించింది. ఉద్యోగం లేక అప్పు కట్టలేదు, అప్పు కట్టలేదు కాబట్టి ఉద్యోగం లేదు. భగేలా ముడి ఇంతకన్నా భిన్నంగా ఉండేదా? అదే ఏడాది మార్చిలో తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ నిరుద్యోగుల కోసం రాజీవ్ యువ వికాసం ప్రకటించినప్పుడు, బ్యాంకులు దరఖాస్తుదారుల సిబిల్ చూస్తున్నయని పత్రికలు రాసినయి. మొదటి అప్పులో దెబ్బతిన్నోళ్లను లేపడానికి పెట్టిన పథకానికి ఆ దెబ్బే అడ్డం.

కోర్టుల నుంచి ఇంకో గొంతు కూడా వచ్చింది. 2023 మేలో కేరళ హైకోర్టు, సిబిల్ తక్కువుందన్న ఒక్క కారణంతో విద్యారుణం నిరాకరించవద్దని చెప్పింది. విద్యార్థులు రేపటి దేశ నిర్మాతలని, రుణ దరఖాస్తు చూసేటప్పుడు మానవీయంగా చూడాలని ఆ తీర్పు సారాంశం. 'ఎందుకు' అన్న ప్రశ్నకు పద్దులో చోటు దొరికిన అరుదైన సందర్భమది.

పద్దు చదువుడు, పద్దు దిద్దుడు

మా తాతకు లేనిది మనకొకటుంది. మనకు చదవడం వచ్చు. ఈ తరం చేయాల్సింది ఆ చదువును ఈ పద్దు మీద పెట్టడమే. వాడల్లో పని చేసే కార్యకర్తలు, టీచర్లు ఈ కింది సంగతులు పిల్లలకు చెప్పాలె.

ముందుగా భయం పోవాలె. అప్పు కట్టలేకపోవడం నేరం కాదు. కట్టే శక్తి లేని పేదవాణ్ని అప్పు కోసం జైల్లో పెట్టరాదని 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చెక్కు బౌన్సు, ఖాతా నుంచి కోసుకునే కిస్తు బౌన్సు వేరే సంగతి, అవి క్రిమినల్ కేసు కాగలవు. రికవరీ ఏజెంట్లు పొద్దున 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయరాదని 2022లో రిజర్వు బ్యాంకు ఆదేశమిచ్చింది. ఇంటి మీదికొచ్చి ఇజ్జత్ తీసే హక్కు ఎవనికీ లేదు.

రెండోది, రిపోర్టు తీసి చూడాలె. 2017 నుంచి ప్రతి కంపెనీ ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇయ్యాలె. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నోళ్లు ఊరికి నలుగురుంటరు, ఒకని బాకీ ఇంకొకని మీద పడొచ్చు. కట్టేసిన అప్పు ఇంకా బాకీగా కనబడొచ్చు. తప్పుంటే రాతపూర్వకంగా అడగాలె. 30 రోజుల్లో తేల్చకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయల పరిహారం ఇయ్యాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకొచ్చింది. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. డబ్బులిస్తే స్కోరు పెంచుతమనే ఏజెంట్లను నమ్మొద్దు. నిజమైన బాకీని ఎవడూ చెరపలేడు, తప్పు రాతను మనమే పైసా ఖర్చు లేకుండా దిద్దించుకోవచ్చు.

మూడోది, నిజంగానే బాకీ ఉంటే బ్యాంకుకు దూరం ఉరకకుండా కాగితంతో పోవాలె. మిత్తి రాయితీ క్లెయిమ్ చేసిండ్రా అని రాసి అడగాలె. నమూనా పథకంలో ఉద్యోగం లేని కాలానికి మళ్లీ గడువిచ్చే వీలుంది, కిస్తుల కాలం 15 ఏండ్ల దాకా పెంచే వీలుంది. నోటితో అడిగితే లేదంటరు, దరఖాస్తు పెడితే జవాబు రాయాల్సి వస్తది.

నాలుగోది, సంతకం. కోర్టులో దావా వేయడానికి బ్యాంకుకు మామూలుగా మూడేండ్ల గడువు. గడువు దాటకముందే బాకీ ఒప్పుకుంటూ సంతకం చేసినా, కొంత కట్టినా గడువు మళ్లీ మొదలైతది. చదవకుండా సంతకం పెడితే దానికీ తాత వేలిముద్రకూ తేడా లేదు. సెటిల్‌మెంట్ చేసుకుంటే కొంత తగ్గుతది, కాని రిపోర్టులో 'క్లోజ్డ్' అని కాకుండా 'సెటిల్డ్' అని పడుతది, తర్వాత అప్పిచ్చేటోడు దాన్ని మచ్చగానే చూస్తడు. 'రిటెన్ ఆఫ్' అంటే మాఫీ కాదు, బ్యాంకు తన లెక్కల్లో కొట్టేసుకున్నది, మన బాకీ అట్లనే ఉంటది. డబ్బు కట్టకముందే షరతుల ఉత్తరం, కట్టినంక బాకీ లేదన్న ధ్రువపత్రం చేతిలో ఉండాలె. లోక్ అదాలత్‌లో రాజీ అయితే దానికి అప్పీలు లేదు, అది కోర్టు డిక్రీతో సమానం. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఆడోళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇయ్యాలె. రాజీకి కూర్చునే ముందు ఆ వకీలును పక్కన పెట్టుకోవాలె.

ఇవన్నీ ఒక్కొక్కరు చేసుకునే పనులు. వీటితో ఆగితే కొంతమంది పేర్లు బాగైతయి, పద్దు రాసే పద్ధతి మారదు. రీయింబర్స్‌మెంటు బకాయిల వల్ల సర్టిఫికెట్లు ఆగిన కాలాన్ని విద్యార్థి మీద రాయొద్దని, ఎస్సీ ఎస్టీ పథకాలకు సిబిల్ చూడొద్దని, నిరుద్యోగ కాలానికి గడువు అడగకుండానే ఇయ్యాలని మూడు జిల్లాల విద్యార్థి సంఘాలు కలిసి అడగాలె. అడగాలంటే లెక్కలుండాలె. ఏ మండలంలో ఎంతమంది పిల్లలు విద్యారుణాల్లో ఇరుక్కున్నరు, ఏ కాలేజీలో ఎన్ని సర్టిఫికెట్లు ఎన్ని నెలలు ఆగినయి, ఎవరు ఏ మిత్తికి తెచ్చి విడిపించుకున్నరు అన్నది వాడవాడన రాసుకోవాలె. తగలబెట్టడానికి ఇప్పుడు గడీలో కాగితం లేదు. మన పద్దు మనం రాసి, వాళ్ల పద్దు పక్కన పెట్టి చూపడం మిగిలింది.